మైనస్ గుర్తు

హాలియాల సాగర్ రోడ్డు మీద
గౌసు సాబు షాపు బోర్డు:
"ఇచ్చట అన్ని రకముల మోటార్లు రీవైండింగ్ చేయబడును."
కింద చిన్నగ, నేను రాయించింది కాదు,
"లేడీ మెకానిక్ కలదు."

పగలంతా నా పని చుట్టుడు.
మాడిన తీగ గుంజి తీసి తూకమేసి
స్లాటుకు అరవై నాలుగు చుట్లు కొత్త రాగి,
నోట్లనే లెక్క.
నడుమల ఎవరన్న పలకరిస్తె
మళ్ల ఒకటి కాడికెళ్లి.

రాత్రి గూడ అదే పని,
కాకపోతే ఎనుకకు తిప్పేది ఒక మనిషిని.
ఫోన్ల ముసలి సారు, ఏ దేశమో,
మోచేతి కాడ సుద్ద మరకలు,
కిందికీ మీదికీ జరిగే మూడు నల్లబోర్డులు.
ఆయన మాట సగమే అందుతది నాకు.
పది సెకన్లు ఎనుకకు.
మళ్ల పది సెకన్లు.
ఇసుక్కోడు.
అదే సుద్దముక్క, అదే ఓపిక,
ఏం చదివినవని అడగడు,
ఫీజేదని అడగడు.

పాలిటెక్నిక్ల రెండో ఏడు అడిగిండ్రు.
ఆ కత అక్కడికే.

ఇరవై రెండో పాఠం.
అయస్కాంతం తీగచుట్టలకు పోతున్నది,
చుట్టల కరెంటు పుడుతున్నది.
గింతవరకు నా చేతులకు ఎప్పటినుంచో ఎరికే.
సారు సమీకరణం రాసిండు,
బరాబరి గుర్తు పక్కన ఒక అడ్డగీత.
మైనస్.
ఎందుకు?
వాళ్ల క్లాసుల ఎవరో అడిగిండ్రు, కెమెరాకు కనవడని పిల్ల.
సారు ఏదో అన్నడు, అందరు నవ్విండ్రు.
ఆ నవ్వు నా దాక రాలే.
పదకొండుసార్లు ఎనుకకు జరిపిన,
పదకొండుసార్లు నవ్విండ్రు.

తెల్లారి కేతావత్ మంగ్యా వచ్చిండు,
పెద్దవూర అవతలి తండ,
ఆటోల అదే మోటారు, ఈ యాసంగిల మూడోసారి.
"నీ చెయ్యి మంచిది కాదా బిడ్డా,
నా బోరు మంచిది కాదా?"
విప్పితే లోపలంత నలుపు,
ప్లాస్టిక్ మాడిన కమురు వాసన.
రోటరు తిప్పి చూసిన. తిరగలే.
బుష్షులల్ల సన్నటి ఇసుక,
అన్నంల పంటికి తగిలేటి అసొంటిది.

ముందు వేళ్లకు తట్టింది, తర్వాత నాకు.
తిరిగే మోటారు ఊకనే తిరగదు,
వచ్చే కరెంటుకు తనే ఎదురు పుట్టిస్తది,
ఇగ చాలు, ఇంత కన్న వద్దంటది.
తిరుగుడు ఆగిందా,
ఆ మాట అనే నోరు లేదు.
లైన్ల ఉన్నదంత మీద పడ్తది.

అయితే గా అడ్డగీత ఇదన్నట్టు.

"తప్పు చుట్టుడుల లేదు పెద్దయ్యా,
నీ బోర్ల ఇసుకొస్తున్నది.
రెండు పైపులు మీదికి గుంజుకో,
మోటారును అడుగుకు ఆననియ్యకు."
మంగ్యా నా మొకం చూసిండు,
నమ్మాల్నా అని గౌసు సాబు మొకం చూసిండు.
గౌసు సాబు చాయ్ గ్లాసు కింద పెట్టి
"ఏడాదికి మూడుసార్లు వచ్చే గిరాకి గదనే" అన్నడు,
నవ్వినట్టు, నవ్వనట్టు.

ఆ రాత్రి సారుకు చెప్పాలనిపించింది.
ఎట్ల చెప్త?
పాఠం నేను పుట్టిన ఏటిదంట,
సారు ఉన్నడో లేడో.
ఇరవై మూడోది పెట్టుకున్న.
పదిన్నరకే ఒకటిన్నర జీబీ ఒడిసింది.
సారు చెయ్యి బోర్డు మీద ఆగింది,
సుద్దముక్క గాలిల,
తెర నడుమ చిన్న గుండ్రం తిరుగుకుంట, తిరుగుకుంట.

సగం సమీకరణం.
మిగిలిన సగం బిల్లుబుక్కు ఎనుక నేనే రాసిన,
గట్టిగ ఒత్తితే కార్బన్ దిగి
మంగ్యా బాకీ మీద పడ్డది.
మైనస్ సరైన కాడనే పెట్టిన్నో లేదో
పన్నెండు దాటినంక, డాటా వచ్చినంక చూడాలె.